టైటానిక్ ఎక్కిన గుంటూరు అమ్మాయి: ఆ రాత్రి తప్పు ఎక్కడ మొదలైంది?

గుంటూరువాసి

టైటానిక్ అనగానే అందరం మంచుకొండ దగ్గర మొదలుపెడతాం. నేను 13వ నంబరు లైఫ్‌బోటు దగ్గర మొదలుపెడతాను. అందులో మా ఊళ్లో పుట్టిన అమ్మాయి ఉంది.

రూత్ బెకర్ 1899 అక్టోబరు 28న గుంటూరులో పుట్టింది. అప్పటికి గుంటూరు జిల్లా కూడా లేదు, అది ఏర్పడింది 1904లో. తండ్రి అలెన్ బెకర్ అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ. 1842లో హేయర్ వచ్చి గుంటూరులో మొదలుపెట్టిన మిషన్ అది. డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి కూడా వాళ్లదే అంటే మా ఊరివాళ్లకు వెంటనే తెలుస్తుంది.

1912లో రూత్ తమ్ముడు రిచర్డ్‌కు జబ్బు చేసింది. బిడ్డ దక్కాలంటే అమెరికా తీసుకెళ్లాలన్నారు. తండ్రి గుంటూరులో ఉండిపోయాడు. తల్లి నెల్లీ ముగ్గురు పిల్లలతో బయలుదేరింది. రూత్‌కు 12 ఏళ్లు, చెల్లెలు మేరియన్‌కు 4, రిచర్డ్‌కు రెండేళ్లు నిండలేదు. ఇంగ్లండు చేరి, ఏప్రిల్ 10న సౌతాంప్టన్‌లో టైటానిక్ రెండో తరగతిలో ఎక్కారు.

ఏప్రిల్ 14 రాత్రి 11:40కి ఓడ మంచుకొండను రాసుకుంది. తల్లి పిల్లల్ని రాత్రి బట్టలతోనే పైకి తీసుకెళ్లింది. పైన చలి చూసి, గదికి వెళ్లి దుప్పట్లు తెమ్మని రూత్‌ను పంపింది. పన్నెండేళ్ల పిల్ల మునుగుతున్న ఓడలో కిందికి దిగి దుప్పట్లు మోసుకొచ్చింది. 11వ నంబరు పడవలో చిన్నపిల్లలిద్దరినీ ఎక్కించారు, తల్లి కూడా ఎక్కింది. ఇక చోటు లేదని రూత్‌ను ఆపేశారు. వేరే పడవ ఎక్కమని తల్లి కేకవేసింది. రూత్ తనే వెళ్లి ఒక అధికారిని అడిగితే ఆయన ఎత్తి 13వ నంబరులో కూర్చోబెట్టాడు.

ఆ పడవ నీళ్లను తాకగానే ఓడ పక్కనుంచి తోసుకొచ్చే నీటి ధార దాన్ని వెనక్కి నెట్టింది. సరిగ్గా నెత్తిమీద 15వ నంబరు పడవ దిగుతోంది. కేకలు వేసినా పైవాళ్లకు వినబడలేదు. చివరి క్షణంలో తాళ్లు కోసి బయటపడ్డారు. పడవలో బాయిలర్ల దగ్గరి నుంచి పలచటి బట్టలతోనే వచ్చేసిన కార్మికులు గజగజ వణుకుతుంటే, రూత్ తెచ్చిన దుప్పట్లు వాళ్లకు కప్పారు. తెల్లవారాక, కాపాడడానికి వచ్చిన కార్పాథియా ఓడ మీద చాలాసేపు వెతికితే తల్లీ పిల్లలూ కనిపించారు.

రూత్ పెద్దయ్యాక కాన్సాస్‌లో టీచరుగా పనిచేసింది. కన్నపిల్లలకు కూడా వాళ్ల చిన్నతనంలో ఈ సంగతి చెప్పలేదట. వయసు మీదపడ్డాక మాత్రం సభల్లో మాట్లాడింది. 1990 జులైలో 90 ఏళ్ల వయసులో చనిపోయింది.

ఇప్పుడు నా ప్రశ్న. టైటానిక్ మీద 20 లైఫ్‌బోట్లున్నాయి. అన్నీ కలిపి 1,178 మందికి చోటు. ఓడలో ఉన్నది 2,200 మందికి పైగా. అప్పటి బ్రిటిష్ చట్టం ప్రకారం అంత ఓడకు 16 పడవలు చాలు. అంటే చట్టం అడిగినదానికంటే నాలుగు ఎక్కువే పెట్టుకున్నారు. చట్టం తప్పలేదు, అయినా దాదాపు 1,500 మంది పోయారు. తప్పు ఎక్కడ మొదలైందంటారు?

చరిత్ర_పుటలు

మంచి చోట మొదలుపెట్టారు. నా జవాబు: 1894లో.

ఆ ఏడాది రాసిన నిబంధనలో ఓడ టన్నేజిని బట్టి పడవల సంఖ్య ఉంది. పట్టిక 10,000 టన్నుల దగ్గర ఆగిపోయింది. ఆపైన ఎంత పెద్ద ఓడైనా 16 పడవలే. అప్పటి అతి పెద్ద ఓడలు దాదాపు 13,000 టన్నులవి కాబట్టి అప్పుడది పెద్ద లోపంగా కనిపించలేదు. టైటానిక్ 46,328 టన్నులు. పద్దెనిమిదేళ్లలో ఓడలు మూడున్నర రెట్లు పెరిగితే పట్టిక అక్కడే కూర్చుంది.

అయితే కేవలం బద్ధకం అని కొట్టిపారేయలేం. దాని వెనక ఒక ఆలోచన ఉంది, దానికి రుజువు కూడా ఉందనుకున్నారు. 1909 జనవరిలో అదే వైట్ స్టార్ కంపెనీ ఓడ రిపబ్లిక్, నాన్‌టకెట్ దగ్గర పొగమంచులో ఫ్లోరిడా అనే ఓడను ఢీకొంది. జాక్ బిన్స్ అనే వైర్‌లెస్ ఆపరేటర్ సాయం కోసం సందేశాలు పంపాడు. రిపబ్లిక్ మునగడానికి ఒక రోజుకు పైగా పట్టింది. ఆలోపు జనాన్ని పడవల్లో విడతలవారీగా వేరే ఓడలకు చేరవేశారు. ఢీకొన్నప్పుడు పోయినవాళ్లు తప్ప దాదాపు అందరూ బతికారు. దాంతో ఏమనుకున్నారు? పెద్ద ఓడ తొందరగా మునగదు, రద్దీ దారిలో సాయం వస్తుంది, పడవలు జనాన్ని అటూ ఇటూ దాటించడానికే, అందరూ ఒకేసారి ఎక్కడానికి కాదు అని. ఆ నమ్మకాన్ని రిపబ్లిక్ గట్టిపరిచింది. టైటానిక్ 2 గంటల 40 నిమిషాల్లో మునిగింది.

ఇంకో మాట. ఓడ కట్టిన హార్లాండ్ అండ్ వుల్ఫ్‌లో అలెగ్జాండర్ కార్లైల్ అనే పెద్ద ఇంజినీరు, ఒక్కో జతకు ఒకటికంటే ఎక్కువ పడవలు వేలాడదీయగల డేవిట్లు పెట్టించాడు. చట్టం మారితే పడవలు పెంచుకోవచ్చని. కొక్కేలు సిద్ధంగానే ఉన్నాయి. పడవలే లేవు.

లోహవిద్య

నేను లోహశాస్త్రం చదువుతున్నాను, అందుకని వేరే వైపు నుంచి చెబుతాను. పడవలు తక్కువ కావడం మరణాలకు కారణం. ఓడ మునగడానికి కారణం వేరు, అది కూడా చూడాలి.

మంచుకొండ ఓడ పక్కన 300 అడుగుల పొడవున పెద్ద చీలిక పెట్టిందని చాలా ఏళ్లు అనుకున్నారు. కానీ 1912 విచారణలోనే ఎడ్వర్డ్ వైల్డింగ్ అనే హార్లాండ్ ఇంజినీరు నీరు చేరిన వేగాన్ని బట్టి లెక్క కట్టి, రంధ్రాల మొత్తం వైశాల్యం సుమారు 12 చదరపు అడుగులే అన్నాడు. 1996లో శిథిలాన్ని శబ్ద తరంగాలతో పరిశీలించినప్పుడు కనిపించినవి కూడా సన్నటి గీతల్లాంటి చీలికలే. అంటే పలకలు చిరగలేదు, అతుకులు విడిపోయాయి. అతుకుల్ని పట్టి ఉంచేవి రివెట్లు. ఓడ మధ్యభాగంలో హైడ్రాలిక్ యంత్రంతో ఉక్కు రివెట్లు కొట్టారు. ముందు భాగంలో వంపుల దగ్గర ఆ యంత్రం పట్టదు, అక్కడ చేత ఇనుము రివెట్లు కొట్టారు. సముద్రం నుంచి తీసిన అలాంటి కొన్ని రివెట్లలో చిట్టెం (ఇనుము తయారీలో మిగిలిపోయే మలినం) మోతాదు ఎక్కువగా ఉందని తర్వాత పరీక్షల్లో తేలింది. చిట్టెం ఎక్కువైతే ఇనుము పెళుసవుతుంది, దెబ్బకు తల ఊడిపోతుంది.

అంటే తప్పు 1894లోనే కాదు, బెల్‌ఫాస్ట్ యార్డులో కూడా ఉంది.

చరిత్ర_పుటలు

లోహవిద్య గారూ, రివెట్ల పరిశోధన గట్టిదే, కాదనను. కానీ అదే యార్డులో, అదే పద్ధతిలో కట్టిన అక్క ఓడ ఒలింపిక్ 1935 దాకా సముద్రం మీద తిరిగింది. 1911లో హాక్ అనే యుద్ధనౌక పక్కనుంచి పొడిచినా తట్టుకుని వెనక్కి వచ్చింది. టైటానిక్‌లో నీరు చొరకుండా చేసిన విభాగాలు 16. ముందు నుంచి నాలుగు నిండినా తేలుతుంది. ఆ రాత్రి అయిదుకు మించి దెబ్బతిన్నాయి. అడ్డగోడలు కొన్ని చోట్ల ఇ డెక్ అనే అంతస్తు దాకానే ఉన్నాయి, కాబట్టి ముక్కు కిందికి వంగేకొద్దీ ఒక గది నిండి పక్కగదిలోకి పొర్లింది. ఆ వేగంతో అన్ని టన్నుల ఓడ మంచును ఒరుసుకుపోతే మేలిరకం రివెట్లు మాత్రం ఎంతసేపు ఆపుతాయి?

లోహవిద్య

ఎంతసేపు అన్నదే నా ప్రశ్న కూడా. ఇంకో రెండు గంటలు తేలి ఉంటే కార్పాథియా వచ్చేది. మేలిరకం రివెట్లు ఓడను కాపాడేవని నేను అనడం లేదు. నీరు చొరబడే వేగం తగ్గి ఉండేదంటున్నాను. ఒక విభాగం తక్కువ దెబ్బతిన్నా లెక్క పూర్తిగా మారిపోతుంది.

తెలుసుకుందాం

మునిగింది టైటానిక్ కాదనీ, పాడైన ఒలింపిక్‌కు పేరు మార్చి బీమా డబ్బు కోసం ముంచారనీ ఒక వీడియోలో చూశాను. చాలా నమ్మకంగా చెప్పారు. నిజమేనా?

చరిత్ర_పుటలు

కాదు. యార్డులో ఒలింపిక్ నంబరు 400, టైటానిక్ నంబరు 401. శిథిలం ప్రొపెల్లర్ మీద 401 కనిపించింది. పైగా ఓడకు అయిన ఖర్చు సుమారు 15 లక్షల పౌండ్లు, బీమా 10 లక్షల పౌండ్లకే. నష్టపోవడానికి ఎవరూ మోసం చేయరు.

తెలుసుకుందాం

ధన్యవాదాలు. అదే కోవలో, బయలుదేరేటప్పటికే ఓడలో బొగ్గు మండుతోందన్న సంగతి కూడా అబద్ధమేనా?

రెండో_ఇంజినీరు

అది అబద్ధం కాదు. నేను సరుకు ఓడల మీద సెకండ్ ఇంజినీరుగా చేస్తున్నాను, ఇది నా విభాగం కాబట్టి చెబుతాను.

బొగ్గు నిల్వ గదుల్లో బొగ్గు తనంతట తానే రాజుకోవడం ఆ కాలపు ఓడల్లో తరచూ జరిగేది. టైటానిక్ బయలుదేరేటప్పటికే ఒక గదిలో బొగ్గు కాలుతోంది. కార్మికులు దాన్ని బయటికి తోడి ఫర్నేసుల్లో వేసి గది ఖాళీ చేశారు, ఢీకొనేలోపు మంట ఆరిపోయింది. బాయిలర్లకు బొగ్గు వేసే స్టోకర్ల పెద్ద ఫ్రెడరిక్ బారెట్ బ్రిటిష్ విచారణలో ఈ విషయం చెప్పాడు. ఆ గది అడ్డగోడ వేడికి దెబ్బతిందనీ చెప్పాడు. ఢీకొన్నప్పుడు ఆయన ఆరో బాయిలర్ గదిలో ఉన్నాడు, పక్క పలక లోంచి నీళ్లు దూసుకురావడం కళ్లారా చూశాడు. అయిదో గదిలోకి తప్పించుకున్నాడు. కొంతసేపటికి అక్కడా బాయిలర్ల మధ్య నుంచి నీళ్లు ఉరికొచ్చాయి.

ఆ మంట వల్లే ఓడ మునిగిందనే వాదనను నేను ఒప్పుకోను. ఆ గోడ నిలిచి ఉన్నా ముందు విభాగాలు నిండాక ఓడ తేలదు. కొంత సమయం పోయి ఉండవచ్చు, అంతవరకే.

గుంటూరువాసి గారు రాసిన 13వ నంబరు పడవలో తాళ్లు కోసిన చేతుల్లో ఈ బారెట్ చేతులున్నాయి. పడవను నడిపిన బాధ్యత కూడా ఆయనదే. రూత్ దుప్పట్లు కప్పుకున్న కార్మికులు ఆయన తోటివాళ్లే. అటువైపు ఇంజినీర్లలో మాత్రం ఒక్కరూ బతకలేదు. చివరిదాకా దీపాలు ఆరకుండా, పంపులు ఆగకుండా చూశారు. దీపాలు వెలిగి ఉండడం వల్లే పడవలు దింపగలిగారు. ఇంజిన్ గదిలో పనిచేసేవాణ్ని, ఈ మాట రాయకుండా ఉండలేను.

తంతిలేని_వార్త

నేను అమెచ్యూర్ రేడియో మనిషిని. నా దృష్టిలో ఆ రాత్రి కథంతా ఇద్దరు కుర్రవాళ్ల మధ్య ఉంది.

కాలిఫోర్నియన్ అనే ఓడ మంచు అడ్డం వచ్చి రాత్రి పదిన్నరకు ముందే ఆగిపోయింది. అందులో ఒక్కడే వైర్‌లెస్ ఆపరేటర్, సిరిల్ ఎవాన్స్. పదకొండు గంటలప్పుడు 'మేం మంచులో ఆగిపోయాం' అని టైటానిక్‌కు చెప్పబోయాడు. టైటానిక్‌లో ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ తీరంలోని కేప్ రేస్ వైర్‌లెస్ కేంద్రానికి ప్రయాణికుల టెలిగ్రాములు పంపుతూ ఉన్నాడు. దగ్గరి నుంచి వచ్చిన సంకేతం చెవులు చిల్లులు పడేలా మోగింది. పనిలో ఉన్నాను, ఆపమని విసుక్కున్నాడు. ఎవాన్స్ కాసేపు విని, పదకొండున్నర దాటాక యంత్రం ఆపి పడుకున్నాడు. నిమిషాల్లోనే టైటానిక్ ఢీకొంది.

ఇంకోవైపు కార్పాథియాలో హెరాల్డ్ కాటమ్. ఆయన కూడా ఒంటరి ఆపరేటరే. పడుకునే ముందు హెడ్‌ఫోన్ ఇంకా చెవుల మీదే ఉంది. టైటానిక్‌కు కేప్ రేస్‌లో టెలిగ్రాములున్నాయని మామూలుగా చెప్పబోతే అవతలి నుంచి మునిగిపోతున్నాం రమ్మని జవాబొచ్చింది. కెప్టెన్ రోస్ట్రన్ 58 మైళ్ల దూరం నుంచి, మంచుకొండల మధ్య నుంచి ఓడను ఉరికించి తెల్లవారుజామున నాలుగింటికి చేరాడు. అప్పటికి టైటానిక్ మునిగి గంటన్నరకు పైగా అయింది. బతికినవాళ్లంతా పడవల్లోవాళ్లే.

ఎవాన్స్ నిద్రపోవడం నేరం కాదు. ఒక మనిషి ఇరవై నాలుగు గంటలూ వినలేడు. ఇరవై నాలుగు గంటలూ వినాలని అప్పట్లో ఏ నిబంధనా లేదు. అదే పెద్ద తప్పు అంటాను.

చరిత్ర_పుటలు

ఎవాన్స్‌ను వదిలేద్దాం. కానీ కాలిఫోర్నియన్ డెక్ మీద హెర్బర్ట్ స్టోన్, గిబ్సన్ ఇద్దరూ మెలకువగానే ఉన్నారు. టైటానిక్ సాయం కోసం పైకి వదిలిన తెల్లటి రాకెట్లు ఎనిమిది చూశారు. తమ కెప్టెన్ స్టాన్లీ లార్డ్‌కు చెప్పారు. ఎవాన్స్‌ను లేపమని ఒక్కరికీ తోచలేదు. దీనికి నిబంధన అక్కరలేదు కదా?

తంతిలేని_వార్త

నిజమే, దానికి సమర్థన లేదు. అయితే 1992లో బ్రిటిష్ ప్రభుత్వ సముద్ర ప్రమాదాల విభాగం ఈ వ్యవహారాన్ని మళ్లీ పరిశీలించింది. రాకెట్లు చూసి చేయాల్సినది చేయలేదని తప్పుపడుతూనే, రెండు ఓడల మధ్య దూరం 17 నుంచి 20 మైళ్లు ఉండవచ్చనీ, వెంటనే కదిలినా మునగకముందు చేరేది కాదనీ తేల్చింది. 1912లో బ్రిటిష్ విచారణ జరిపిన లార్డ్ మెర్సీ మాత్రం వచ్చి ఉంటే చాలామంది బతికేవారన్నాడు. నేను 1992 నివేదిక వైపే మొగ్గుతాను.

చరిత్ర_పుటలు

నేను మొగ్గను. చేరలేకపోవచ్చని వాళ్లకు అప్పుడు తెలియదు. చూసిన రాకెట్లకు కదలాలి, అంతే.

పాఠాలమ్మ

అందరూ ఇనుము గురించి, యంత్రాల గురించి మాట్లాడుతున్నారు. నేను పిల్లల లెక్క చెబుతాను.

బ్రిటిష్ విచారణ ఇచ్చిన అంకెలివి. రెండో తరగతి పిల్లలు 24 మంది, అందరూ బతికారు. రూత్ చెల్లెలు మేరియన్, తమ్ముడు రిచర్డ్ ఆ 24 మందిలో వాళ్లే. మూడో తరగతి పిల్లలు 79 మంది, బతికింది 27. యాభై ఇద్దరు పిల్లలు పోయారు. ఆడవాళ్లు, పిల్లలు ముందు అన్న మాట ఆ రాత్రి నిజమే, కానీ అది వినబడాలంటే ముందు పడవల డెక్ దాకా రావాలి. అమెరికా వలస చట్టాల పేరుతో మూడో తరగతిని మిగతా ఓడ నుంచి గేట్లతో వేరుచేశారు. దారి చూపినవాళ్లు తక్కువ. ప్రయాణికులకు పడవల అభ్యాసం ఒక్కసారి కూడా జరగలేదు.

రెండో తరగతి మగవాళ్ల సంగతి ఇంకా దారుణం, 168 మందిలో 14 మందే బతికారు. పోయినవాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో కూడా చూడండి. ఓడ మునిగిన క్షణం నుంచి సిబ్బంది జీతం ఆగిపోయింది. వాయిద్యాలు వాయిస్తూ పోయిన జాక్ హ్యూమ్ తండ్రికి, కొడుకు యూనిఫారం బాకీ కట్టమని ఏజెన్సీ నుంచి బిల్లు వచ్చింది. కోటీశ్వరుల పేర్లు నూరేళ్లుగా వింటున్నాం. క్లాసులో నేను ఆ బిల్లు గురించే చెబుతాను.

బిలాస్‌పుర్_తెలుగు

పాఠాలమ్మ గారూ, రెండో తరగతి అన్నారు కాబట్టి ఒక పేరు చేరుస్తాను. మా తాతల కాలం నుంచి రైల్వే ఉద్యోగాల మీద బిలాస్‌పుర్‌లో స్థిరపడ్డాం. దగ్గర్లోనే జాంజ్‌గీర్ ఉంది. అక్కడ ఆనీ ఫంక్ అనే మెనొనైట్ మిషనరీ ఆడపిల్లల బడి నడిపేది. తల్లికి జబ్బు అని తంతి వస్తే అమెరికా బయలుదేరింది. ఆమె టికెట్టు వేరే ఓడకు. బ్రిటన్‌లో బొగ్గు గని కార్మికుల సమ్మె వల్ల ఆ ఓడ కదల్లేదు, దాంతో టైటానిక్ రెండో తరగతికి మార్చుకుంది. ఏప్రిల్ 12న ఓడ మీదే 38వ పుట్టినరోజు. మూడు రోజులకు పోయింది. బడికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

గుంటూరు నుంచి ఒక కుటుంబం, జాంజ్‌గీర్ నుంచి ఒక టీచరు, ఒకే తరగతిలో. వాళ్లు ఓడ మీద కలుసుకున్నారో లేదో!

గుంటూరువాసి

ఈ పేరు నాకు కొత్త, ధన్యవాదాలు. రెండో తరగతి భోజనశాల అందరికీ ఒకటే, కనీసం ఒకరినొకరు చూసి ఉంటారనిపిస్తుంది.

ఇప్పుడు చర్చను కొంచెం ముందుకు తీసుకెళదాం. ఆ తర్వాత ఏం మారింది? రెండో_ఇంజినీరు గారూ, మీరు రోజూ ఆ నిబంధనల మధ్యే బతుకుతారు కదా.

రెండో_ఇంజినీరు

ముందు న్యూయార్క్‌లో, వాషింగ్టన్‌లో సెనేటర్ విలియం ఆల్డెన్ స్మిత్ విచారణ, తర్వాత లండన్‌లో మెర్సీ విచారణ. వాటి మీద 1913 నవంబరులో లండన్‌లో దేశాలు కూర్చుని, 1914 జనవరి 20న సముద్రంలో ప్రాణరక్షణ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాన్నే సోలాస్ అంటాం. అందరికీ పడవల్లో చోటు, వైర్‌లెస్ దగ్గర ఇరవై నాలుగు గంటల కాపలా, అభ్యాసాలు అన్నీ అందులో ఉన్నాయి. యుద్ధం రావడంతో అది అనుకున్నట్టు అమలు కాలేదు. 1929లో, 1948లో, 1960లో తిరగరాశారు. ఇప్పుడు నడిచేది 1974 నాటిది, ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటారు. మంచుకొండల గస్తీ కూడా అప్పుడు పుట్టిందే. ఖర్చును దేశాలు తమ ఓడల టన్నేజిని బట్టి పంచుకుంటాయి, పని అమెరికా కోస్ట్ గార్డ్ చేస్తుంది. 1959లో డెన్మార్క్ ఓడ హాన్స్ హెడ్‌టాఫ్ట్ తొలి ప్రయాణంలోనే గ్రీన్‌లాండ్ దగ్గర మంచుకొండను ఢీకొని 95 మందితో మునిగింది. అది గస్తీ జరిగే ప్రాంతానికి బయట.

కానీ ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. అందరికీ పడవలు పెడితే సమస్య తీరిందనుకోవడం కూడా 1894 నాటి ఆలోచన లాంటిదే. 1914 మేలో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ సెయింట్ లారెన్స్ నదిలో పొగమంచులో ఇంకో ఓడ తగిలి 14 నిమిషాల్లో మునిగింది. పడవలు అందరికీ సరిపడా ఉన్నాయి. ఓడ పక్కకు ఒరిగిపోయింది, ఒకవైపు పడవలు దింపడానికే వీల్లేకపోయింది. 1,012 మంది పోయారు. 1915 మేలో లూసిటానియా టార్పెడో తగిలి 18 నిమిషాల్లో మునిగింది, అక్కడా అదే ఒరుగుడు.

అన్నిటికంటే నన్ను కలిచివేసేది ఈస్ట్‌లాండ్. షికాగో విహార నౌక. ముందే పైభాగం బరువెక్కువ ఓడ. టైటానిక్ తర్వాత వచ్చిన కొత్త చట్టానికి తగ్గట్టు పైన మరిన్ని పడవలు, తెప్పలు ఎక్కించారు. 1915 జులై 24న, ఒక ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాలు విహారానికి ఎక్కి కూర్చున్నాక, ఇంకా రేవుకు కట్టే ఉండగానే పక్కకు పడిపోయింది. నది లోతు ఇరవై అడుగులు. 844 మంది పోయారు. ప్రాణాలు కాపాడాల్సిన పడవల బరువు ఆ ఓడను పడేయడంలో పాలుపంచుకుంది.

గుంటూరువాసి గారు అడిగిన మొదటి ప్రశ్నకు ఇదే నా జవాబు. తప్పు పడవల సంఖ్యలో లేదు. ఒక అంకె సరిపోయిందని చూసుకుని, ఓడంతటినీ కలిపి చూడడం మానేసిన చోట ఉంది. టైటానిక్‌లో మొదట దింపిన పడవలో 65 మందికి చోటుంటే 28 మందే ఎక్కారు. ఒక చిన్న పడవ 12 మందితో వెళ్లిపోయింది. ఉన్న పడవలైనా నింపి ఉంటే ఇంకో నాలుగువందల మందికి పైగా బతికేవారు. నింపకపోవడానికి కారణం? నిండు బరువుతో దింపితే పడవ విరుగుతుందని కొందరు అధికారులు భయపడ్డారు. బెల్‌ఫాస్ట్‌లో బరువు పెట్టి పరీక్షించారు, ఆ సంగతి వాళ్లకు చేరలేదు.

లోహవిద్య

చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. పరీక్ష జరిగింది, ఫలితం తెలియాల్సినవాళ్లకు తెలియలేదు. రివెట్ల కంటే ఇది పెద్ద లోపమే.

సాగరతీరం

శిథిలం సంగతి ఎవరూ ఎత్తలేదు. 1985 సెప్టెంబరు 1న రాబర్ట్ బల్లార్డ్, ఫ్రాన్స్‌కు చెందిన జాన్ లూయీ మిషెల్ బృందం సుమారు 3,800 మీటర్ల లోతులో కనుగొన్నారు. మునిగిపోయిన రెండు అమెరికా అణు జలాంతర్గాములు, థ్రెషర్, స్కార్పియన్‌లను పరిశీలించే నౌకాదళ పనితో ముడిపడి ఆ యాత్రకు డబ్బు వచ్చింది. ఓడ రెండుగా విరిగిందని అప్పుడు రుజువైంది. విరగడం చూశామని బతికినవాళ్లు కొందరు 1912లోనే చెప్పినా విచారణలు నమ్మలేదు. ఇప్పుడు బ్యాక్టీరియా ఇనుమును తినేస్తోంది. వాటిలో ఒకదానికి హలోమోనాస్ టైటానికే అని పేరే పెట్టారు.

2023 జూన్‌లో టైటాన్ అనే చిన్న జలాంతర వాహనం అక్కడికి దిగుతూ అయిదుగురితో నలిగిపోయింది. దానికి ఏ స్వతంత్ర సంస్థ ధ్రువీకరణా లేదు. నా మటుకు అక్కడికి విహారయాత్రలు ఆపేయాలి. అది సమాధి.

పాఠాలమ్మ

నాదీ అదే మాట. వస్తువులు పైకి తెచ్చి అమ్మడమూ నాకు నచ్చదు.

చరిత్ర_పుటలు

వస్తువుల విషయంలో ఒక్క మాట. లోహవిద్య గారు చెప్పిన రివెట్లు పైకి తెచ్చినవే. కొంత తీయకపోతే ఆ జ్ఞానం రాదు. అమ్మకం వేరు, పరిశోధన వేరు.

తెలుసుకుందాం

పెద్దలందరికీ ధన్యవాదాలు. నాదొక సొంత ప్రశ్న. వచ్చే నెల అమ్మను మొదటిసారి సముద్ర విహారానికి తీసుకెళ్తున్నాను. ఇదంతా చదివాక నిజంగా భయం వేస్తోంది. ఇప్పుడు ఓడల్లో అందరికీ పడవలుంటాయా? ఎక్కగానే మేం ఏం చూసుకోవాలి?

రెండో_ఇంజినీరు

భయపడకండి, కానీ తెలుసుకుని ఎక్కండి.

అంతర్జాతీయ ప్రయాణాలు చేసే పెద్ద ప్రయాణికుల ఓడలో ఉన్న అందరికీ పడవలూ తెప్పలూ కలిపి చోటుండాలి, దాని మీద ఇంకో 25 శాతానికి అదనంగా తెప్పలుండాలి. హెచ్చరిక విని అందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని గుమిగూడాక, ఆదేశం వచ్చిన 30 నిమిషాల్లో పడవలన్నీ నింపి దింపగలగాలి. సిబ్బంది వారం వారం అభ్యాసం చేస్తారు. ప్రయాణికుల అభ్యాసం ఇదివరకు ఓడ కదిలిన ఒక రోజులోపు ఎప్పుడైనా పెట్టవచ్చు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా ఒరిగి 32 మంది పోయాక అది మారింది. ఆ ఓడ ఎక్కిన కొందరికి అప్పటికింకా అభ్యాసమే జరగలేదు. ఇప్పుడు ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే జరపాలి.

మీ గది తలుపు లోపలివైపు ఒక పటం ఉంటుంది. మీరు ఎక్కడ గుమిగూడాలో అందులో చూపిస్తారు. సామాను సర్దకముందే అమ్మను వెంటబెట్టుకుని అక్కడికి ఒకసారి నడిచి వెళ్లండి, లిఫ్టులో కాకుండా మెట్ల మీదుగా. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూసి, ఒకసారి తొడిగి చూడండి. ఏడు లేదా అంతకంటే ఎక్కువ చిన్న కూతలు, వెంటనే ఒక పొడవాటి కూత వినబడితే అది ప్రమాద సంకేతం. అప్పుడు వస్తువుల కోసం గదికి తిరిగి వెళ్లకండి. అమ్మగారికి మెట్లు ఎక్కడం కష్టమైతే టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పండి. అలాంటివారి వివరాలు ఓడ బయలుదేరకముందే కెప్టెన్‌కు అందాలి, ఎవరు వచ్చి తోడుండాలో అప్పుడే నిర్ణయిస్తారు.